"కట్టె మీరే తీసుకుపోండి, కూలీ దేనికి?" అంటే ఒప్పుకోవాలా?

గోదారి గట్టు:
ఇళ్ల దగ్గర చెట్ల కొమ్మలు కోసే పని మాది, మేం నలుగురం. ఎక్కేవాడు ఒక్కడే, ముగ్గురం కింద. పద్దెనిమిది అంగుళాల బార్ ఉన్న కోత మెషిన్ ఒకటి, చిన్నది ఒకటి, రెండు మోకులు, నిచ్చెన. బండి లేదు, ట్రాక్టర్ బాడుగకు పిలుస్తాం. నిన్న ఒకాయన పెరట్లో వేపచెట్టు చూపించి, "ఎంత లేదన్నా టన్నున్నర కట్టె వస్తుంది, అది మీరే ఉంచుకోండి, ఇక కూలీ దేనికి?" అన్నాడు. నెలకు మూడు నాలుగు బేరాలు ఇలాగే వస్తున్నాయి. ఒప్పేసుకోమని మా తమ్ముడి గోల. కట్టెల అడితిలో సాయంత్రానికల్లా డబ్బు చేతికొస్తుందంటాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. మీరంతా ఏం చేస్తున్నారు?

ఖమ్మం కట్టె:
ఒప్పుకో తమ్ముడూ. నేను పదేళ్లుగా చేస్తున్నా. చెట్టు చూసి ఒప్పుకోవాలి, అంతే. వేప, చింత, నల్లతుమ్మ అయితే కళ్లు మూసుకుని సరే అను. తురాయి, నిద్రగన్నేరు అయితే మాత్రం కూలీ లేకుండా మెషిన్ తాడు లాగకు. అడితివాడు మొహం తిప్పుకుంటాడు.

విశాఖ మోకు:
అన్నా, నేనూ అలాగే అనుకున్నాను. ఒకావిడ మిద్దె మీదికి వాలిన ఒక్క కొమ్మ తీయమంది, కట్టె మాకే అంది. ఆ ఒక్క కొమ్మకి ట్రాక్టర్ బాడుగ కూడా రాదు. దాంతో "ఇదీ అడ్డమేనమ్మా, అదీ ఎండినట్టుంది" అంటూ ఇంకో మూడు కోశాం. నిజానికి ఎండినది ఏదీ లేదు. సాయంత్రానికి చెట్టు మొండిమానులా నిలబడింది. తర్వాతి వేసవికి పడమటి వైపు బెరడు ఎండకు పగిలింది. కోసిన చోటల్లా గుత్తులుగా చిగుళ్లు లేచాయి. పైపైన అంటుకుని పెరిగే ఆ కొమ్మలకు పట్టు ఉండదు కదా. రెండేళ్లకి చేతిలావు కొమ్మ ఒకటి గాలికి విరిగి కారు షెడ్డు రేకు మీద పడింది. ఆవిడ మళ్లీ మమ్మల్నే పిలిచింది. మా తప్పని ఆవిడకి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఖమ్మం కట్టె:
అది నీ కక్కుర్తి, బేరం తప్పు కాదు.

విశాఖ మోకు:
కక్కుర్తే, కాదనను. ట్రాక్టర్ గేటు బయట నిలబడి గంట లెక్క నడుస్తుంటే ఎవరికి పుట్టదో చెప్పండి.

నీడపట్టు (హైదరాబాద్):
ఇద్దరూ అసలు ఖర్చు వదిలేశారు. అడితివాడికి లావు కట్టె కావాలి. మరి రెమ్మలు, ఆకు? తూకానికి రావు గానీ ట్రాలీ నిండేది వాటితోనే. ఇంటివాళ్లు వాకిలి ఊడ్చినట్టు ఉండాలంటారు. అది పారబోయడానికి ఇంకో ట్రిప్పు, ఇంకో కిరాయి. పచ్చికట్టె బరువులో దగ్గర దగ్గర సగం నీళ్లే, అందుకే పచ్చిదానికి అడితిలో రేటు కోస్తారు. పైగా పెరటి వేపకి బట్టల తాడు కోసం ఎప్పుడో కొట్టిన మేకు ఉంటుంది, బెరడు దాన్ని మింగేసి ఉంటుంది. చైన్ దానికి తగిలిందా, ఆ పూట ఆకురాయి పట్టుకుని కూర్చోవడమే.

ఇంకోటి. లావు, పొడుగు ముక్కకే రేటు కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా దించాల్సిన కొమ్మని ఒక్కసారే దించాలనిపిస్తుంది. కింద ఉన్నది ముగ్గురు. మాకు అలాగే మోకు జారి ప్రహరీ పై వరస కూలింది. కట్టె డబ్బంతా తాపీమేస్త్రీకే పోయింది. అది కూడా కింద నుంచి ముందు గాటు పెట్టకుండా పైనుంచే కోసిన కొమ్మ. విరిగేటప్పుడు మాను బెరడు మూరెడు చీల్చుకుంటూ పోయింది.

మొదలంటా కొట్టే పనైతే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన చట్టం) కింద అనుమతి కాగితం చూడకుండా కట్టె ఎక్కించొద్దు. చెట్టు ఇంటాయనదే కావచ్చు, దారిలో ఆపితే సమాధానం చెప్పాల్సింది బండిలో ఉన్నవాడు.

ఖమ్మం కట్టె:
అన్నీ నిజమే. కానీ రేకుల ఇల్లు, గాలివాన వచ్చేలా ఉంది, కొమ్మ మీద పడేలా ఉంది. ఆ ఇంట్లో కూలీకి డబ్బుల్లేవు, కట్టె ఒక్కటే ఉంది. వదిలేసి పోదామా? మీ పట్నం లెక్కలు ఇక్కడ పనికిరావు.

నీడపట్టు (హైదరాబాద్):
వదలొద్దన్నా. ముందు కూలీ ఇంత అని చెప్పు. ఏ కొమ్మ కోయాలో వాళ్లముందే సుద్దతో గీత పెట్టు. కోశాక తూకం చీటీ చూపించి, కట్టె డబ్బు కూలీలోంచి తీసెయ్. మిగిలింది ఎప్పుడిచ్చినా సరే. గీత దాటి కోస్తే నీకు పైసా ఎక్కువ రాదు, అప్పుడు ఆశా ఉండదు.

ఖమ్మం కట్టె:
చీటీ చూపించావంటే ఇంటాయన బేరం మళ్లీ మొదటి నుంచి మొదలెడతాడు. నువ్వు చూడలేదు, నేను చూశాను.

గోదారి గట్టు:
పొద్దున వెళ్లి చెట్టు మళ్లీ చూశాను. మిద్దె మీదికి వచ్చినవి రెండే కొమ్మలు. గీత పెట్టి కూలీ చెప్పాను, కట్టె వాళ్లనే ఉంచుకోమన్నాను. ఆలోచించి ఫోన్ చేస్తానన్నాడు. ఇంకా చేయలేదు. తమ్ముడు మాట్లాడటం మానేశాడు.

ఖమ్మం కట్టె:
ఎల్లుండిదాకా చూడు. చేయకపోతే ఆ నంబర్ ఇటు పంపు.