ఎవరూ లేకుండా మాటలు వినిపించాయన్న వాళ్ళందర్నీ ఆసుపత్రికి పంపాలా?

లంకల ఆరోగ్యం:
నమస్తే అండి. కోనసీమ లంక గ్రామాల్లో మానసిక ఆరోగ్యం మీద ఇంటింటి సర్వేకి ప్రశ్నలు రాస్తున్నాం. "పక్కన ఎవరూ లేనప్పుడు మాటలు వినిపించాయా?" అంటే వెయ్యి మంది పెద్దవాళ్ళలో ఎంతమంది అవునంటారు? అవునన్న వాళ్ళందర్నీ కాకినాడ పెద్దాసుపత్రికి రాసెయ్యాలా?

పంటకాలువ గట్టు:
అక్కర్లేదండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేల్లో 18 దేశాల్లో 31,261 మంది పెద్దవాళ్ళని అడిగారు. 2015లో ఫలితాలు వచ్చాయి. జీవితంలో ఎప్పుడో ఒకసారైనా లేనిది కనిపించడం, వినిపించడం, లేదా ఎవరో తనమీద కుట్ర పన్నుతున్నారనే లాంటి గట్టి నమ్మకం కలగడం 5.8 శాతం మందిలో ఉంది. అందులో వినిపించడం ఒక్కటే చూస్తే 2.5 శాతం. అంటే మీ వెయ్యి మందిలో పాతిక మంది. వీటిలో ఏదో ఒకటి అనుభవమైన వాళ్ళలో మూడో వంతుకి అది ఒక్కసారే జరిగింది, ఇంకో మూడో వంతుకి రెండు నుంచి అయిదుసార్లు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో సైకోసిస్ జబ్బు (ఏది నిజమో ఏది కాదో తెలియకుండా పోయే జబ్బు) ప్రస్తుతం ఉన్నవాళ్ళు 0.4 శాతం. వెయ్యికి నలుగురు. పాతిక మందికీ చీటీ రాస్తే ఆ నలుగురికి అందాల్సిన ఓపీ టైము మిగతావాళ్ళే తినేస్తారు. పైగా ఊళ్ళో "పిచ్చి" ముద్ర పడితే పెళ్ళి సంబంధాల దాకా పోతుంది. ఈ రెండోదే నాకు ఎక్కువ భయం.

వార్డు డ్యూటీ:
పైన చెప్పిన 2.5 శాతం ప్రశ్నని వడకట్టి అడిగితే వచ్చిన అంకె. "కలలో కాదు, సగం నిద్రలో కాదు, మందు మత్తులో కాదు" అని చేర్చకపోతే లెక్క ఎక్కడికో పోతుంది. నిద్ర పట్టే ముందు ఇలాంటివి అనుభవమయ్యాయని బ్రిటన్ సర్వేలో 37 శాతం మంది చెప్పారు. రొయ్యల చెరువు కాపలా మనిషి రాత్రంతా ఏరేటర్ మోత వింటూ, తెల్లవారుజామున కునుకు పట్టేవేళ ఆ మోతలోంచి తన పేరు పిలిచినట్టు విని లేచి కూర్చుంటాడు. అది జబ్బు కాదండి, నిద్ర బాకీ.

అవునంటే వెంటనే ఇవి అడగండి: ఎన్నిసార్లు? చివరిసారి ఎప్పుడు? బయటి గొంతే అనిపిస్తోందా? ఏం చెయ్యమంటోంది? భయంగా ఉందా? పనీ తిండీ ఆగాయా? చచ్చిపోవాలనిపిస్తోందా? ఆఖరిది మొహమాటపడి వదిలెయ్యకండి. ఇలాంటి అనుభవాలున్న వాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ.

తర్వాత శరీరం వైపు చూడండి. రోజూ తాగేవాడు హఠాత్తుగా మానేసిన రెండు నుంచి నాలుగు రోజుల్లో చేతులు వణుకుతూ, చెమటలు పోస్తూ, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటే ప్రాణాపాయం. అదే రోజు ఆసుపత్రికి. ఉమ్మెత్త కాయ తిన్నవాళ్ళకి నోరెండిపోయి, కంటిపాప పెద్దదై, లేని మనుషులు కనిపిస్తారు. ముసలివాళ్ళలో ఒక్క రోజులో మొదలైన పలవరింతకి మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం కారణం కావచ్చు.

నిద్రగన్నేరు:
రెండు మాటలు కలుపుతాను. 9 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో లేనివి వినిపించడం, కనిపించడం లాంటి అనుభవాలు దాదాపు 17 శాతం, 13 నుంచి 18లో 7.5 శాతం. పెద్దల ఫారం పిల్లలకి వాడకండి. కాన్పైన రెండు వారాల్లో నిద్ర లేకుండా, బిడ్డ మీద వింత అనుమానాలతో మాట్లాడే బాలింతని "గాలి సోకింది" అని ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచొద్దు. బిడ్డకి కూడా ప్రమాదమే. ఎవర్నయినా గొలుసుతో కట్టేసి ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించిందని ఇంట్లోవాళ్ళకి నెమ్మదిగా చెప్పండి. సలహాకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలి మానస్ 14416.

లంకల ఆరోగ్యం:
చాలా ఉపయోగమండి. పెద్దకర్మ అయిన తర్వాత కూడా, పోయిన భర్త దగ్గు వాకిట్లో వినిపిస్తోందనే ఆవిణ్ణి ఏ గడిలో వెయ్యాలి?

పంటకాలువ గట్టు:
ఏ గడిలోనూ వద్దండి. 1971లో వేల్స్‌లో 293 మంది భార్యో భర్తో పోయినవాళ్ళని అడిగితే దాదాపు సగం మంది అలాంటిదే చెప్పారు. చాలామందికి అది ఊరట. ఫారంలో "దుఃఖంలో" అని పక్కన రాసుకోండి. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో అడగండి. "నువ్వూ వచ్చెయ్" అని ఆ గొంతు పిలుస్తోందంటే మాత్రం అదే రోజు కబురు పెట్టండి.