నాణేల సేకరణకు ఇంటి బడ్జెట్‌లో ఎంత? నిజాం, బ్రిటిష్ ఇండియా వెండి కొనేవాళ్లు చెప్పండి

హాలీసిక్కా_నగరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నిజాం వెండి రూపాయలు, విక్టోరియా నుంచి ఆరో జార్జి దాకా బ్రిటిష్ ఇండియా రూపాయలు సేకరిస్తాను. ఇద్దరం ఉద్యోగస్తులం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికొచ్చేది 1,35,000. అద్దె 24,000, ఇంటి ఖర్చు 30,000, అమ్మానాన్నలకు 15,000, కారు ఈఎంఐ 14,000, బీమా ప్రీమియంలు నెలకు సగటున 5,000, సిప్ 20,000. రెండేళ్లలో 60 లక్షల లోపు ఫ్లాట్ తీసుకోవాలని ఉంది. నాణేలకు నెలకు 12,000 దాకా పోతోంది. వేలం ఉన్న నెలలో ఇంకాస్త ఎక్కువే.

మా ఆవిడ వద్దనడం లేదు. "ఇవన్నీ అమ్మితే ఎంతొస్తుంది? డౌన్ పేమెంట్‌లో వీటిని కూడా లెక్కేసుకోవచ్చా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న, దానికి సరైన అంకె చెప్పాలి. విలువ ఎలా కట్టాలి, నెలకు ఎంతకు పరిమితం కావాలి, ఇంట్లో పెట్టాలా లాకర్‌లోనా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

లెక్కల_మాస్టారు:

మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. స్థిర ఖర్చులు 88,000. మిగిలేది 47,000, సిప్ పోతే 27,000. ఇందులోంచి 12,000 తీసినా ఇబ్బంది లేదనిపిస్తుంది కానీ, మీ జాబితాలో ఏడాదికోసారి వచ్చే ఖర్చులు లేవు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, దసరా బట్టలు, చుట్టాల పెళ్లిళ్లకు పెట్టుపోతలు, పిల్లలుంటే జూన్‌లో స్కూలు ఫీజులు. ఇవన్నీ ఏడాదికి 72,000 అనుకున్నా నెలకు 6,000 పక్కన పెట్టాలి. ఈ డబ్బు పక్కన లేకపోవడం వల్లే చాలా ఇళ్లలో గొడవలొస్తాయి. వేలం జూన్‌లో పడుతుంది, అదే నెలలో ఫీజూ కట్టాలి.

ఇక ఫ్లాటు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఆ విలువలో కలవవు. అంటే 60 లక్షల ఫ్లాటుకు చేతి నుంచి 12 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు దానిమీద అదనం. నెలకు 13,000 ఆర్డీ కడితే రెండేళ్లకు అసలే 3,12,000 అవుతుంది. తక్కినది సిప్‌లోంచీ ఇప్పటికే ఉన్న పొదుపులోంచీ రావాలి. రెండేళ్లలో కావలసిన డబ్బు ఈక్విటీ ఫండ్‌లో ఉంటే నెమ్మదిగా బయటకు తెచ్చుకోండి.

27,000లో 6,000, 13,000 పోతే 8,000. దాన్ని చెరిసగం చేయండి. మీకు 4,000, ఆవిడకు 4,000. ఆవిడ 4,000కు మీరు లెక్క అడగకూడదు. మీ 4,000తో ఏ నాణెం కొన్నారో ఆవిడ అడగనక్కర్లేదు. మీ ఒక్కరికే 12,000 పోతే ఇంట్లో రెండో మనిషికి ఏమీ మిగలదు. తగ్గించిన 8,000 రెండేళ్లలో 1,92,000 అవుతుందని కాగితం మీద రాసి ఇద్దరూ చూసుకోండి.

ఈ 4,000 జీతం పడిన రోజే వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లాలి. నాణేలకు చెల్లించేది ఆ ఖాతా డెబిట్ కార్డుతోనో యూపీఐతోనో మాత్రమే. క్రెడిట్ కార్డు వద్దు. బాకీ ఉంచితే చాలా కార్డుల్లో నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 36 నుంచి 45 శాతం. ఏ నాణెమూ ఏటా అంత పెరగదు. ఆరు నెలల స్థిర ఖర్చు, మీ విషయంలో 5,28,000, విడిగా లేకపోతే ముందు అది. అప్పటిదాకా సిప్‌లో సగం అటు మళ్లించినా తప్పు లేదు.

గోదావరి_వెండి:

మాస్టారు చెప్పిన బడ్జెట్ సరైనదే. నేను విలువ సంగతి రాస్తాను. ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

కొన్న ధర విలువ కాదు. కేటలాగు ధరా కాదు, ఇంకో డీలరు పెట్టిన ధరా కాదు. ఈ వారంలో డబ్బు కావాలంటే ఎంతొస్తుందో అదే విలువ. దాని కోసం మీ దగ్గరున్నవాటిని మూడు కుప్పలు చేయండి.

మొదటిది, వెండి తూకానికి పోయేవి. అరిగిన విక్టోరియా, ఏడో ఎడ్వర్డు, అయిదో జార్జి రూపాయల్లో మామూలు సంవత్సరాలవి, 1940 నుంచి 1945 దాకావి దాదాపు అన్నీ. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి, అంటే శుద్ధ వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చినవి అదే బరువు కానీ 50 శాతమే, 5.83 గ్రాములు. 1947 రూపాయిలో వెండి లేదు, అది నికెల్. నిజాం చార్మినార్ రూపాయి (1940లకు ముందుది) 11.18 గ్రాములు, 81.8 శాతం, శుద్ధ వెండి 9.14 గ్రాములు. ఆనాటి గ్రాము ధరతో గుణించి, దుకాణదారు తీసే తరుగు మినహాయించుకోండి. ఒక జాగ్రత్త: పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్టువాళ్లు తులం అంటే 10 గ్రాములే. లెక్క గ్రాముల్లోనే అడగండి.

రెండోది, డీలరు కొనేవి. మంచి స్థితిలో ఉన్న మధ్యరకం నాణేలు. డీలరు అమ్మే ధరలో 60, 70 శాతం ఇస్తే మంచి బేరమే. అతనికీ అద్దె, పెట్టుబడి మీద వడ్డీ ఉంటాయి, మోసమనుకోవద్దు.

మూడోది, వేలానికి మాత్రమే పంపదగ్గవి. ఇవి కొద్దిగానే ఉంటాయి. అమ్మేవాడి దగ్గర కమిషన్ తీస్తారు, పంపినప్పటి నుంచి డబ్బు చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. ఫ్లాటు అగ్రిమెంటు తేదీ వేలం తేదీ కోసం ఆగదు.

కాబట్టి ఆవిడకు ఇలా చెప్పండి: మొదటి కుప్ప తూకం ధర, రెండో కుప్పలో డీలరు ధరకు 60 శాతం, మూడో కుప్ప సున్నా. ఈ మొత్తం వచ్చినా డౌన్ పేమెంట్‌లో వేయకండి, అది అదనపు ధీమాగానే ఉండాలి. ప్రభుత్వ టంకశాల అమ్మే స్మారక ప్రూఫ్ సెట్లు (సేకరించేవాళ్ల కోసమే ప్రత్యేకంగా మెరుగుతో ముద్రించినవి) ఉంటే వాటినీ చాలామటుకు రెండో కుప్పలోనే వేసుకోండి. విడుదలైన కొత్తలో బయట ఎక్కువ పలికి, తర్వాత దిగిపోయినవి బోలెడు.

వేలంలో పాడేటప్పుడు గరిష్ఠ పాటను వెనక నుంచి లెక్కేయండి. చేతిలో 24,000 ఉన్నాయనుకోండి. బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాడు పాట మీద అదనంగా వేలం సంస్థకు కట్టేది), జీఎస్టీ కలిపి 25 శాతం అవుతుందని ఆ వేలం షరతుల్లో ఉంటే, 24,000ను 1.25తో భాగించండి. 19,200. ఇన్సూర్డ్ పోస్టేజీ తీసేస్తే 18,700 దగ్గర ఆపాలి. ఈ అంకె ముందురోజు రాత్రే రాసిపెట్టుకోవాలి. పాట నడుస్తుండగా వేసుకునే లెక్క ఎప్పుడూ పైకే జరుగుతుంది.

హాలీసిక్కా_నగరం:

ఇద్దరికీ ధన్యవాదాలు. కుప్పలు చేయడం ఈ ఆదివారమే మొదలుపెడతాం. ఇంకొక్కటి. 1939 రూపాయి ఒకరు "తక్కువలో" ఇస్తానంటున్నారు. తక్కువంటే 45,000. చిట్టీ పాడి తీసుకుందామా అన్న ఆలోచన వచ్చింది. తప్పంటారా?

గోదావరి_వెండి:

ముందు నాణెం సంగతి. 1939 రూపాయి నిజంగా అరుదు, బాగున్నది లక్ష దాటుతుంది. అందుకే నకిలీలూ దానికే ఎక్కువ. సగానికి సగం తగ్గించి ఇస్తున్నాడంటేనే అనుమానించాలి.

బరువు 11.66 దగ్గర ఉండాలి. అంచు చూడండి: 1939లో మామూలు గీతల అంచు, మధ్యలో గాడి ఉండే సెక్యూరిటీ అంచు 1940 నుంచి వచ్చింది. 10 రెట్ల లెన్సుతో చివరి 9 చుట్టూ చూడండి. 1938ని చెక్కి 9 చేస్తే ఆ అంకె పక్కన నేల నునుపుగానో గీరుకుపోయినట్టో కనిపిస్తుంది. పోత పోసినదైతే సన్నని బుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు. తర్వాత నీటి పరీక్ష. 0.01 గ్రాము చూపే త్రాసు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో అడుగుకు తగలకుండా ముంచితే త్రాసు 1.13 దగ్గర చూపాలి. 11.66ను దానితో భాగిస్తే 10.3 వస్తుంది, అది 91.7 శాతం వెండి సాంద్రత. 50 శాతం వెండి అయితే 1.22 చూపిస్తుంది, సాంద్రత 9.5. ఈ పరీక్ష లోహాన్నే చెబుతుంది. 1938ని చెక్కినది ఇందులో నెగ్గేస్తుంది కనుక లెన్సు పరీక్ష తప్పదు. అమ్మేవాడు ఇవి చేయనివ్వకపోతే వదిలేయండి.

లెక్కల_మాస్టారు:

చిట్టీ మాట నేను చెబుతాను. 5 లక్షల చిట్టీని మొదట్లో 25 శాతం తగ్గించి పాడితే చేతికొచ్చేది 3,75,000. వాయిదాలు మాత్రం చివరి దాకా కట్టాల్సిందే, మధ్యలో వచ్చే డివిడెండు కొంతే తగ్గిస్తుంది. చట్టప్రకారం ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవాడి) కమిషన్ 7 శాతం దాకా ఉండొచ్చు. ఇల్లు కొనడానికో వైద్యానికో అయితే ఆ నష్టానికి అర్థముంది. నాణేనికి వద్దు. ఆవిడ బంగారం కుదువపెట్టడం అసలే వద్దు. పుట్టింటివాళ్లు పెట్టినదీ, పెళ్లిలో వచ్చినదీ స్త్రీధనం, చట్టరీత్యా పూర్తిగా ఆవిడదే. మీ 4,000 ఖాతాలో 45,000 పోగయ్యేదాకా ఆగండి, దాదాపు ఏడాది పడుతుంది. ఆ మధ్యలో మొదటి కుప్పలో డూప్లికేట్లు అమ్మి ఆ డబ్బూ అందులోనే వేసుకోండి. సేకరణ తన ఖర్చు కొంత తానే మోస్తుంది.

బెజవాడ_కృష్ణవేణి:

సేకరణ చేసేది మా ఇంట్లో ఆయన, లెక్క రాసేది నేను. కాబట్టి ఆవిడ వైపు నుంచి ఏం కావాలో రాస్తాను.

నోటుబుక్కు ఒక్కటే ఉండాలి, ఇద్దరికీ అందుబాటులో. ప్రతి నాణేనికి వరుస సంఖ్య, రాజు పేరు, టంకశాల, సంవత్సరం, బరువు, రెండువైపులా ఫొటో, అన్నీ కలిపి పడిన ధర, బిల్లు ఎక్కడుంది, ఏ కుప్ప. నిజాం నాణేల మీద హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం రెండూ ఉంటాయి, చదవడం రానివాళ్లకు తికమక. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దగ్గరగా వస్తుంది: 1337 అంటే 1918-19. చార్మినార్ ద్వారం మధ్యలో "మీమ్" ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఈ రెండక్షరాల బొమ్మలు నోటుబుక్కు మొదటి పేజీలో గీసి పెట్టించండి అన్నయ్యా, ఆవిడ కూడా గుర్తుపట్టగలగాలి.

ఇంట్లో నాణేలు పాడయ్యేది ఎక్కువగా పండగలప్పుడు. వెండి నల్లబడిందని చింతపండుతోనో విభూదితోనో పళ్లపొడితోనో తోమేస్తాం. పులుపు పైపొరను తినేస్తుంది, పొడి గీతలు పెడుతుంది, ఆ నాణెం రెండో కుప్పలోంచి మొదటి కుప్పలోకి పడిపోతుంది. పూజకు కావలసిన వెండి రూపాయలు అరిగినవి అయిదో తొమ్మిదో వేరే డబ్బాలో ఆవిడకిచ్చేయండి. పసుపు కుంకుమలు వాటికే. పాత కాసులపేరులోంచి తీసిన కాసులు, కొక్కెం అతికించినవి ఉంటే అవి ఎంత పాతవైనా చాలావరకు బంగారం తూకమే.

మెత్తగా ఉండి వాసనొచ్చే పీవీసీ కవర్లు వాడొద్దు, కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు పట్టుకుంటుంది. మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు, మూత బిగుసుకునే డబ్బా, అందులో సిలికా జెల్. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. మా వైపు కోస్తా గాలికి ఇది తప్పదు. కింది అంతస్తు అయితే అలమర పై అరలో పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు నేలమట్టం బీరువాల్లో ఉన్న కాగితాలు, అట్టలు ఏమయ్యాయో ఇక్కడ అందరికీ తెలుసు. బిల్లుల ఫొటోలు ఆవిడ ఫోన్‌లోనూ ఉండాలి.

వీలునామా_వివరం:

లాకర్ గురించి ఎవరూ రాయలేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె 4,000 అయితే గరిష్ఠం 4 లక్షలు. వరద, భూకంపం లాంటివాటికి ఆ బాధ్యత లేదు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, బీమా చేయదు. మూడో కుప్ప లాకర్‌లో, ఇద్దరి పేర్ల మీద, నామినీతో పెట్టండి.

ఇంటి బీమాలో భారత్ గృహ రక్ష పాలసీ తీసుకుంటే విలువైన వస్తువుల అదనపు కవర్ విడిగా అడిగి రాయించుకోవాలి. అందులో దొంగతనం అంటే వరద, అగ్నిప్రమాదం లాంటిది జరిగిన 7 రోజుల్లోపు దానివల్ల జరిగినదే. మామూలు దొంగతనానికి వేరే బర్గ్లరీ పాలసీ కావాలి.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు పోతే భార్య, తల్లి, పిల్లలు సమానవాటాదారులు. సేకరణ ముక్కలై, తొందరలో ఎవరికి దొరికితే వాళ్లకు అమ్ముడుపోతుంది. తెల్లకాగితం మీద వీలునామా, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నోటుబుక్కు వివరాలు అందులో ప్రస్తావించండి. పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్ చేసి ముందు ఫీజు కట్టమనేవాళ్ల గురించి కూడా ఆ నోటుబుక్కులో రాయండి. రిజర్వ్ బ్యాంకు అలాంటి కొనుగోళ్లు చేయదు, 2021 ఆగస్టులో హెచ్చరిక కూడా ఇచ్చింది.

వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం బయటకు పంపకూడదు. గ్రేడింగ్ (నాణెం స్థితిని పరీక్షించి ధ్రువీకరించడం) కోసం విదేశాలకు పంపడమూ ఎగుమతే. అమెరికాలో ఉన్న బావమరిది సూట్‌కేసులో పెట్టి పంపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1939 రూపాయికి ఇంకా వందేళ్లు నిండలేదు, మీ విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలన్నిటికీ నిండాయి.