ఓటు హక్కు మన ఆర్థిక ప్రగతికి అడ్డంకి అయిందా?

కృష్ణాతీరం:

1980 ప్రాంతంలో చైనా తలసరి ఆదాయం మనకన్నా ఎక్కువేమీ కాదు. నేడు అది మనకు దాదాపు అయిదు రెట్లు. దక్షిణ కొరియా కూడా తన పరిశ్రమలను సైనిక పాలనలోనే నిర్మించుకుంది. భూమి సేకరించాలన్నా, నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థను మూసివేయాలన్నా మన పాలకులు రాబోయే ఎన్నికల వైపే చూస్తారు. అక్షరాస్యత 18 శాతమే ఉన్న దేశం 1951-52లోనే వయోజనులందరికీ ఓటు ఇవ్వడం తొందరపాటని, ముందు ఆర్థిక పునాది వేసుకోవలసిందని నా అభిప్రాయం.

పాలమూరు టీచర్:

కృష్ణాతీరం గారూ, ఆ అయిదు రెట్ల అంతరం నిజమే; దాన్ని నేను తక్కువ చేసి చూపను. అయితే అందుకు ఓటరును బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. కీలక పరిశ్రమలను ప్రభుత్వానికే కేటాయించిన 1956 నాటి పారిశ్రామిక విధాన తీర్మానాన్ని గానీ, పరిశ్రమ పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసి ఆ తర్వాత పెరిగిన లైసెన్సుల వ్యవస్థను గానీ, ఎగుమతుల పట్ల చూపిన ఉపేక్షను గానీ పల్లెల్లోని ఓటర్లెవరూ అడగలేదు. అవి ఢిల్లీలోని మేధావులు, అధికారులు మనస్ఫూర్తిగా నమ్మి రూపొందించినవి.

ఎన్నికలు లేని పాలన ఎలా ఉంటుందో మనం 1975 జూన్ నుంచి 21 నెలల ఎమర్జెన్సీ (అత్యవసర పరిస్థితి) కాలంలో చూశాం. 1976-77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో ఎన్నో, ముఖ్యంగా ఉత్తరాదిలో, బలవంతంగా చేసినవే. 1977లో అక్కడి ఓటర్లు దానికి సమాధానం చెప్పారు. (నాటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం ఆ ఎన్నికల్లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చిందని కూడా చెప్పుకోవాలి.) చైనాలో 1959-61 నాటి కరవుకు కోటి మందికి పైగా చనిపోతే, ఆ సంగతి రాయగల పత్రిక గానీ, పాలకులను దింపగల ఓటు గానీ అక్కడ లేకపోయింది.

నా దృష్టిలో మన అసలు వైఫల్యం బడి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో, అంటే 1960 నాటికి, ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం నిర్దేశించింది. విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది మాత్రం 2010 ఏప్రిల్‌లో. మీరు చెప్పిన రెండు దేశాలూ వేగంగా ఎదగడానికి ముందే ప్రాథమిక విద్యలో మనల్ని దాటిపోయాయి. పనుల కోసం వలస వెళ్లే తల్లిదండ్రుల వెంట ఏడాది మధ్యలో బడి విడిచిపోయిన పిల్లల పేర్లను నా హాజరుపట్టీలో ఎన్నోసార్లు చూసిన దానిగా ఈ మాట అంటున్నాను. కరవు వస్తే ప్రభుత్వం పడిపోతుందన్న భయం పాలకులకు ఉంటుంది. ఒక తరం బడికి దూరమైతే అలాంటి భయం ఉండదు. మన ప్రజాస్వామ్యంలోని నిజమైన లోపం అక్కడుంది.

చదువు, ఓటు కలిసినచోట ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపింది. 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా తరగతుల్లో పాఠాలు నేర్చుకున్న స్త్రీలు సారా అంగళ్లు మూయించారు. 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది.

గ్రంథాలయం:

టీచర్ గారూ, మీ ఉదాహరణలో సగమే చెప్పారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, ఖజానాకు రాబడి తగ్గిందని 1997లో సడలించారు. రెండు నిర్ణయాలూ ఎన్నికైన ప్రభుత్వానివే. ఓటుతో సాధించినది అంత తేలికగా చేజారితే దాన్ని ప్రగతి అని ఎలా అనగలం?

పాలమూరు టీచర్:

మీ అభ్యంతరం సరైనదే. మద్యం విషయంలో ఆ స్త్రీలు ఓడిపోయారని ఒప్పుకుంటాను. అయితే సారా ఉద్యమంలో కలిసిన నెల్లూరు జిల్లా స్త్రీలే తర్వాత రోజుకు రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. అటువంటి పొదుపు సంఘాలు రాష్ట్రమంతటా విస్తరించి, ఆస్తి తాకట్టు లేకుండానే బ్యాంకు అప్పు తెచ్చుకునే స్థాయికి వచ్చాయి. నా బడిలో ఎందరో ఆడపిల్లల పుస్తకాల ఖర్చు ఆ అప్పు నుంచే వస్తున్నది. కృష్ణాతీరం గారు కోరిన ఆర్థిక పునాది ఇదే కదా! 1960 నాటికే ఆ తల్లుల తల్లులు బడికి వెళ్లి ఉంటే, ఈ సంఘాలు కనీసం ముప్పై ఏళ్ల ముందే పుట్టేవని నేను నమ్ముతున్నాను.