టోర్నీ పాయింట్లు హోదాని బట్టి ఇవ్వాలా, వచ్చిన ఆటగాళ్లని బట్టి ఇవ్వాలా?

లింగంపల్లి షటిల్:
బ్యాడ్మింటన్ ప్రపంచ ర్యాంకింగ్‌లో పాయింట్లు ఇచ్చే పద్ధతి మారాలి. ఇక్కడ ఆడేవాళ్లు, పిల్లల్ని ఆడించేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చర్చకు పెడుతున్నా. ఇప్పుడు ప్రతి టోర్నీకీ ముందే ఒక హోదా ఉంటుంది, సూపర్ 1000, 750, 500, 300, 100 అని. గెలిచినవాళ్లకు వరుసగా 12000, 11000, 9200, 7000, 5500. ఎవరు వచ్చి ఆడారు, ఎవరిని ఓడించి కప్పు కొట్టారు అన్నదానికి ఒక్క పాయింటు కూడా లేదు.

2019లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో హైదరాబాద్ ఓపెన్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఫైనల్లో సౌరభ్ వర్మ సింగపూర్ కుర్రాడు లో కీన్ యూని 21-13, 14-21, 21-16తో ఓడించాడు. అది సూపర్ 100, కాబట్టి 5500. అదే లో కీన్ యూ 2021 డిసెంబర్‌లో స్పెయిన్‌లో మన శ్రీకాంత్‌ని ఫైనల్లో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. సూపర్ 1000లో మొదటి రౌండ్‌లోనే ఓడితే 3000. సూపర్ 750లో అయితే 2660. ఏడాదికి సూపర్ 1000లు నాలుగు, 750లు ఆరు, పైగా 52 వారాల్లో బాగా ఆడిన 10 టోర్నీలే లెక్కలోకి వస్తాయి. అంటే ఆ పదింటికీ వెళ్లి పదింట్లోనూ మొదటి మ్యాచే ఓడినవాడికి 27960. ఐదు సూపర్ 100 కప్పులు కొట్టి మిగతా ఏడాదంతా ఇంట్లో కూర్చున్నవాడికి 27500. ఒక్క మ్యాచ్ కూడా గెలవనివాడు పైన ఉంటాడు. దీన్ని ఎవరైనా సమర్థిస్తారా?

కూకట్‌పల్లి కోచ్:
నేను సమర్థిస్తా. లెక్క సరిగ్గానే వేశారు కానీ అలాంటి ఆటగాడు ఉండడు. సూపర్ 1000 సింగిల్స్ డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో రాసే పట్టికలో, 32 మందే, ర్యాంకు ఉంటేనే ఎంట్రీ. ఏమీ గెలవకుండా తిరిగేవాడి పాత పాయింట్లు వారం వారం పోతూ ఉంటాయి, ఏడాది తిరిగేలోపే మెయిన్ డ్రా తలుపు మూసుకుంటుంది. ఆ 3000 ఓడినందుకు ఇచ్చేవి కావు, ఆ 32 మందిలో ఒకడిగా నిలిచినందుకు ఇచ్చేవి.

అసలు సంగతి వేరే ఉంది. ఆటగాడికి టికెట్ కొనేముందే తెలియాలి, అక్కడ క్వార్టర్స్ దాకా వెళ్తే ఎన్ని పాయింట్లో. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిని వాళ్ల నాన్న అప్పు చేసి విదేశాలకు పంపిస్తున్నారు. వచ్చినవాళ్లని బట్టి పాయింట్లంటే, టాప్ సీడ్ మోకాలి నొప్పి అని రెండు రోజుల ముందు తప్పుకుంటే ఈ అమ్మాయి పాయింట్లు తగ్గుతాయి. తను చేసిన తప్పేంటి?

లింగంపల్లి షటిల్:
అన్నా, ఆ 32 మందిలోకి వెళ్లడానికి కిందివాడు ఏం చేయాలి? ఇంటర్నేషనల్ సిరీస్ స్థాయి టోర్నీ మొత్తం గెలిస్తే 2500. వరసగా నాలుగైదు మ్యాచ్‌లు గెలిచి, కప్పు చేతిలో పట్టుకున్నవాడికి, ఆల్ ఇంగ్లండ్ లాంటి సూపర్ 1000లో ఒక్క మ్యాచ్ ఆడి ఓడినవాడి కంటే 500 తక్కువ. పైకి వెళ్లినవాడికి మీరన్న తలుపు మెల్లగా మూసుకుంటుందేమో, కిందివాడికి మాత్రం అది తెరుచుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మియాపూర్ ఫ్లిప్పర్:
నేను అమెరికాలో ఉన్నన్నాళ్లూ పిన్‌బాల్ (మెషిన్‌లో బంతి కిందికి జారిపోకుండా కొడుతూ ఆడే ఆట) లీగుల్లో ఆడాను. అక్కడ అంతర్జాతీయ సమాఖ్య, ఐఎఫ్‌పీఏ, సరిగ్గా మీరు అడిగే పద్ధతే పెట్టింది. చాలా టోర్నీలకు ముందుగా ఏ హోదా ఉండదు. ఇదివరకే కనీసం ఐదు టోర్నీలు ఆడిన ఒక్కో ఆటగాడికి అర పాయింటు చొప్పున టోర్నీ విలువలో కలుస్తుంది, అలా 64 మంది దాకా, అంటే 32. దానికి వచ్చినవాళ్ల ర్యాంకులు, రేటింగ్‌లను బట్టి ఇంకొంత కలుస్తుంది. ఆ పైన ఎన్ని గేమ్‌లు ఆడించారో చూస్తారు. ఫలితాన్ని తేల్చే ఒక్కో గేమ్‌కి ఆ విలువలో 4 శాతం, 25 గేమ్‌లైతే 100 శాతం. నలుగురు కలిసి ఆడిన గేమ్‌ని రెండుగా లెక్కేస్తారు.

మొదట్లో నాకు తెగ నచ్చింది. తర్వాత జరిగింది చూస్తే, నిర్వాహకుల ధ్యాసంతా ఆ 25 మీదే. ఒక్క రోజులో అన్ని గేమ్‌లు పూర్తి కావాలంటే ఒక్కో గేమ్ తొందరగా అయిపోవాలి కదా, అందుకని మెషిన్‌కి రెండు పక్కలా బంతి జారిపోయే సందుల దగ్గర రబ్బరు పోస్టులు పీకేసేవాళ్లు, చెయ్యి కాస్త గట్టిగా తగిలితే చాలు టిల్ట్ పడేలా, అంటే ఆ బంతి ఆట అక్కడితో ఆగిపోయేలా, బిగించేవాళ్లు. మంచి ఆటగాడి బంతి కూడా అర నిమిషంలో కిందికి పోయేది. పాయింట్ల కోసం ఆటనే మార్చేశారు. హోదా పద్ధతిలో ఈ గోల లేదు, కోర్టు కొలతలు ఎవరూ ముట్టుకోరు. కోచ్ గారి మాటే నా మాట.

అరవై నాలుగు గళ్లు:
చెస్‌లో కూడా ఈ గొడవ చూశాం. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఏడాది పొడవునా జరిగే టోర్నీలకు ఇచ్చే సర్క్యూట్ పాయింట్లు, టోర్నీలో అత్యధిక రేటింగ్ ఉన్న ఎనిమిది మంది సగటుని బట్టి వస్తాయి. 2023 డిసెంబర్‌లో, సర్క్యూట్ గడువు ముగియడానికి కొద్ది రోజుల ముందు, చెన్నైలో ఎనిమిది మందితో గట్టి టోర్నీ పెట్టారు. గుకేశ్, మన వరంగల్ అర్జున్ చెరో 4.5తో సమానంగా నిలిచారు, టైబ్రేక్‌లో గుకేశ్ గెలిచాడు, ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీలో, సర్క్యూట్ ద్వారా అనీశ్ గిరికి దక్కేలా ఉన్న చోటు గుకేశ్‌కి వచ్చింది. పాయింట్ల కోసమే పెట్టిన టోర్నీ అని అప్పుడు చాలామంది విమర్శించారు.

కానీ ఆ ఏడు రౌండ్లలో అరోనియన్, హరికృష్ణ లాంటివాళ్ల మీద ఆడి గెలవాల్సింది గుకేశే కదా. మరుసటి ఏడాది క్యాండిడేట్స్ గెలిచి, డిసెంబర్‌కల్లా ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ పద్ధతి అర్హత లేనివాణ్ని పైకి తేలేదు. ఫ్లిప్పర్ గారూ, మీరు చెప్పినదాంట్లో తప్పంతా గేమ్‌ల సంఖ్యకు శాతాలు పెట్టడంలో ఉంది. వచ్చినవాళ్ల బలాన్ని లెక్కించడంలో ఏం తప్పు కనిపించింది మీకు?

కూకట్‌పల్లి కోచ్:
చెన్నైలో స్పాన్సర్ దొరికాడు, టోర్నీ అయింది. దొరకని ఊళ్లో పిల్లల సంగతేంటి? పైగా టెన్నిస్‌లో ఇది చేసి చూశారు. 1990లలో పురుషుల ర్యాంకింగ్‌లో పెద్ద ర్యాంకు ఆటగాడిని ఓడిస్తే బోనస్ పాయింట్లు ఉండేవి, 2000లో తీసేశారు. ఇప్పుడు ఏ రౌండ్‌కి ఎన్ని పాయింట్లో పదో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. ఆ స్పష్టత పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

బోడుప్పల్ అమ్మ:
మీరంతా ప్రపంచ ర్యాంకింగ్ గురించి మాట్లాడుతున్నారు, కింది స్థాయిలో ఏం జరుగుతుందో కూడా కొంచెం చూడండి. మొన్న మా బాబుని ఒక అండర్-13 ర్యాంకింగ్ టోర్నీకి తీసుకెళ్లా. గోడకు అంటించిన డ్రా షీట్‌లో సగం పేర్ల పక్కన వాకోవర్ అని, అంటే ఎదుటివాడు రాకపోవడంతో ఆడకుండానే గెలుపు అని, ఎర్ర పెన్నుతో రాసుంది. ఒక బాబు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి సెమీస్‌కి వెళ్లాడు, వాడికీ సెమీస్ పాయింట్లే. మావాడు అదే సెమీస్‌కి మూడు మ్యాచ్‌లు ఆడి, చివరిదాంట్లో కాలు పట్టేసినా గెలిచి వెళ్లాడు. ఇద్దరికీ సమానం. కోచ్ గారూ, మీరు చెప్పే స్పష్టత ఇక్కడ నా కొడుక్కి ఏం చేసింది?

కూకట్‌పల్లి కోచ్:
అమ్మా, ఇది మాత్రం అన్యాయమే. ఆడి గెలిచిన మ్యాచ్‌కే పాయింట్లు, వాకోవర్‌తో దాటిన రౌండ్‌కి లేవు అని నియమం పెట్టాలి. అది పెట్టడానికి హోదా పద్ధతిని మార్చక్కర్లేదు.

లింగంపల్లి షటిల్:
ఆ నియమం పెట్టిన రోజే మీరు నా వైపు సగం దూరం వచ్చినట్టు అన్నా. ఎదుట ఎవరూ లేకపోతే పాయింట్లు ఉండకూడదు అన్నప్పుడు, ఎదుట ఎవరున్నారో కూడా చూడాలనే కదా నేను అడిగేది. మీ అమ్మాయి భయం నాకు అర్థమైంది, అందుకే ముందే ప్రకటించిన పాయింట్లు ఒక్కటి కూడా తగ్గించొద్దు. వాటి మీద, తన కంటే పై ర్యాంకు ఆటగాడిని ఓడించినప్పుడు మాత్రం అదనంగా ఇవ్వండి. టాప్ సీడ్ తప్పుకున్నా ఆ అమ్మాయికి నష్టం ఉండదు, సౌరభ్ లాంటివాడు లో కీన్ యూ లాంటివాణ్ని ఓడిస్తే 5500తో సరిపెట్టుకోవాల్సిన పని ఉండదు. టెన్నిస్‌లో తీసేశారన్నారు, నిజమే. దాన్ని తీసేశాక కిందివాళ్లు పైకి రావడం సులువైందా, కష్టమైందా? అది చెప్పండి ముందు.