ఉబుంటులో ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాక లాగిన్ దగ్గరే తిరుగుతోంది

పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్). దాంతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ బరువైపోయిందని నిన్న రాత్రి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ కోసం ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ప్యాకేజీ వేశాను. మధ్యలో లాగిన్ స్క్రీన్ చూపే ప్రోగ్రామ్ ఏది కావాలని అడిగితే లైట్‌డీఎం ఎంచుకున్నాను. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టగానే రెండు సెకన్లు నల్లతెర, దాని మీద మౌస్ బాణం ఒక్కటే, మళ్లీ లాగిన్ స్క్రీన్. పాస్‌వర్డ్ తప్పేమీ కాదు, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే టెర్మినల్లో అదే పనిచేస్తోంది.

డిస్కు నిండిపోలేదు, 11 జీబీ ఖాళీ ఉంది. తెరను వాడుకునే అనుమతి ఉండే ఎక్స్‌అథారిటీ ఫైలుకి ఓనర్ నేనే. లైట్‌డీఎం బదులు జీడీఎం3కి మార్చినా అదే వరస. కొత్త యూజర్‌తో మాత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈ చక్కగా వస్తోంది! నా సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫోల్డర్లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ పేరు మార్చినా ఫలితం లేదు.

ఇక్కడ తిరుపతిలో సర్వీసు షాపు వాళ్లు ఫార్మాట్ కొట్టేద్దామంటున్నారు. మా చెల్లి ప్రాజెక్టు అందులోనే ఉంది, టెన్షన్‌గా ఉంది. నా హోమ్ ఫోల్డర్లో ఇంకా ఏ ఫైలు సెషన్‌ని (లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్ తెరుచుకోవడాన్ని) ఇలా ఆపేస్తుండొచ్చు?