నవాహో బావుల్లో యురేనియం: నీళ్లు మరిగిస్తే పోతుందా?

ప్రశ్న:
అమెరికాలో నవాహో తెగ నేలలో 1944 నుంచి 1986 దాకా యురేనియం తవ్వి, 500కి పైగా గనుల్ని అలాగే వదిలేశారు. ఇప్పటికీ చాలా ఇళ్లకు కుళాయి లేదు, గొర్రెల కోసం వేసిన గాలిమర బావుల నీళ్లే కొందరికి దిక్కు. మరిగించి తాగితే సరిపోదా? రేడియేషన్ పసిగట్టే గీగర్ మీటరు పెడితే తెలిసిపోదా? 2019లో నల్లమల చెంచుల ఊళ్ల దగ్గర తవ్వకాల గొడవ లేచినప్పటి నుంచి ఈ సందేహం ఉంది.

జవాబు 1:
మరిగిస్తే ఇంకా నష్టం. ఆవిరయ్యేది నీరే, యురేనియం గిన్నెలోనే ఉండిపోతుంది. రెండు లీటర్లు ఒక లీటరుకు మరిగితే, లీటరుకు 40 మైక్రోగ్రాములున్నది దాదాపు 80 అవుతుంది. అక్కడ అనుమతించేది 30 మైక్రోగ్రాములే. క్రిముల కోసం మరిగించక తప్పదంటే మూత పెట్టి, తెర్లాక మూడు నిమిషాలకే దించెయ్యాలి.

గీగర్ మీటరును నమ్మకండి. యురేనియం విడిచే ఆల్ఫా కణాలు పలచని నీటిపొరను కూడా దాటలేవు, కాబట్టి మీటరు పలకకపోయినా నీళ్లు చెడ్డవే కావచ్చు. పరీక్షకు పంపాల్సిందే. ముందు పంపు కాసేపు నడిపి, పైపులో నిలవున్న నీళ్లు పోనివ్వాలి. సీసా ప్లాస్టిక్‌ది, ల్యాబ్ వాళ్లిచ్చినది వాడాలి. అందులో నైట్రిక్ ఆమ్లం పడి పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; ఎంత తగ్గితే అంత ఆమ్లం) 2 కన్నా తగ్గాలి, లేకపోతే యురేనియం సీసా గోడకు పట్టుకుని అంకె తక్కువగా వస్తుంది. ఆర్సెనిక్ కూడా చూడమని తప్పకుండా రాయండి. దాని హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, ఆ బావుల్లో కొన్నింట్లో అదీ దాటుతోంది.

జవాబు 2:
నీళ్లతో వచ్చే ముప్పు ముందు మూత్రపిండాలకు, అదీ రేడియేషన్ వల్ల కన్నా రసాయన విషంగా. వడపోత తర్వాత పనికొచ్చేవాటిని తిరిగి పీల్చుకునే సన్నని గొట్టాలు దెబ్బతింటాయి. రక్తంలో మామూలుగా చూసే క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది కాబట్టి, మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ (ఆ గొట్టాలు దెబ్బతింటే మూత్రంలోకి జారే చిన్న ప్రోటీన్) పరీక్ష అడగడం మేలు.

గని కూలీల కథ వేరు. గాలి ఆడని సొరంగంలో, యురేనియం రాయి నుంచి వచ్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు నుంచి పుట్టే పొలోనియం దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల్లో దిగుతుంది. నవాహో కూలీల్లో పొగ తాగేవాళ్లు తక్కువే, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లను కమ్మేసింది. పరిహారం చట్టం 1990లో గానీ రాలేదు. అంత ఆలస్యం క్షమించరానిది.

ఇళ్లనూ మరవొద్దు. గని పారేసిన రాళ్లతోనే కొన్ని గోడలు, పునాదులు కట్టుకున్నారు. వాటిలో రాడాన్‌ను పుట్టించే రేడియం ఉంటుంది, దాని అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 1,600 ఏళ్లు. చలికాలం తలుపులు మూస్తే రాడాన్ లోపలే పోగవుతుంది.

జవాబు 3:
ఫిల్టర్ల సంగతి: బొగ్గు, క్యాండిల్ ఫిల్టర్లు కరిగిన యురేనియాన్ని ఆపవు. ఆర్‌ఓ (సన్నని పొర గుండా నీళ్లను ఒత్తిడితో పంపే ఫిల్టరు) ఆపుతుంది, పొర పాడవనంతవరకే. అది బయటికి వదిలేసే వృథా నీళ్లలో యురేనియం చిక్కబడుతుంది, గొర్రెల తొట్టిలోనో కూరపాదులోనో పొయ్యకండి. గొర్రె తాగినది ఎముకల్లో, మూత్రపిండాల్లో చేరుతుంది, అక్కడ గొర్రెలో ఏదీ పారెయ్యరు. అందుకే వంటకు, తాగడానికి మాత్రం పరీక్షించిన చోటునుంచి ట్యాంకరు నీళ్లు తెచ్చుకోవడమే ఇప్పటికి నమ్మదగిన దారి.