తాతయ్య 312 లారీకి 1210 సామాను: దేన్ని ఉంచాలి, దేన్ని మార్చాలి?

నందిగామ మనవడు (ప్రశ్న):

మా తాతయ్య 1962లో కొన్న టాటా మెర్సిడెస్ బెంజ్ 312 ఇరవై రెండేళ్లుగా పొలంలో రేకుల షెడ్డు కింద ఉంది. గ్రిల్ మీద మూడు కోణాల నక్షత్రం ఇంకా చెక్కు చెదరలేదు. గుంటూరుకు మిర్చి టిక్కీలు తోలిన బండి. మా ఇద్దరు మేనత్తల పెళ్లిళ్లు దాని కిరాయితోనే జరిగాయి. నాన్న పోయేముందు "దాన్ని తుక్కుకు వేయకురా" అని నా చేయి పట్టుకుని చెప్పారు.

మూడో సిలిండర్ పక్కన ఇంజిన్ బ్లాక్ పగిలింది. గేర్‌బాక్స్‌లో సెకండ్ గేరు పళ్లు లేవు. క్యాబిన్ చెక్కలకు చెద పట్టింది. తెనాలి దగ్గర ఒక ఇటుక బట్టీలో 1978 నాటి టాటా 1210 లారీ దొరికింది. బాడీ లేదు కానీ ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, గేర్లన్నీ పడుతున్నాయి. లక్షా పదివేలు అడుగుతున్నారు.

ఇక్కడి మెకానిక్ "మీ క్యాబిన్ తీసి ఆ చాసీ మీద పెట్టేద్దాం, పదిహేను రోజుల పని" అంటున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు. అలా చేస్తే అది తాతయ్య బండి ఎలా అవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ పెద్దాయన:

బాబూ, నేను బెజవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా ఇంజిన్ పని చేస్తున్నాను. నీ మనసు చెప్పిందే సరైన మాట. చాసీ మీద కొట్టిన నంబరే ఆ బండి పేరు. క్యాబిన్ తీసుకెళ్లి ఇంకో చాసీ మీద పెడితే అది ఇటుక బట్టీ బండి అవుతుంది, మీ తాతయ్య బండి కాదు. మీ చాసీని నిలబెట్టు, 1210 లోపలి సామాను దానికి ఎక్కించు.

నీ ఇంజిన్ ప్రీ ఛాంబర్ రకం, అంటే డీజిల్ ముందు పక్కనున్న చిన్న గదిలో పడి అంటుకుంటుంది. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 90 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120. ఆ ఏడాది 1210లో సాధారణంగా ఉండేది 692 ఇంజిన్. దానికీ స్ట్రోక్ 120యే, బోర్ మాత్రం 92. అన్నదమ్ముల్లా కనిపిస్తాయి కదా అని ఇంజిన్‌ను చాసీకి పట్టి ఉంచే మౌంటింగులు అవే సరిపోతాయనుకోకు. 692లో డీజిల్ నేరుగా పిస్టన్ మీదికి కొడుతుంది. అందుకని పంపు, నాజిళ్లు, పైపులు ఇంజిన్‌తో పాటే రావాలి. పాత నాజిళ్లు బాగున్నాయి కదా అని ఇందులో బిగించకు, వాటి రంధ్రాలే వేరు. స్టార్ట్ చేసే ముందు వేడెక్కించే హీటర్ ప్లగ్గుల అవసరం ఉండదు, కానీ డాష్‌బోర్డు మీద ఆ స్విచ్ తీసేయకు. వైరు చివర టేపు చుట్టి వదిలేయి. అది ఆ బండి ముఖంలో ఒక భాగం.

ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్ విడదీయకుండా ఒకే ముక్కగా దించు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, 1986లో నేనే ఒక బండికి వేరే హౌసింగ్ కలిపాను. బోల్టు రంధ్రాలు చక్కగా కుదిరాయి. కానీ గేర్‌బాక్స్ షాఫ్టు, ఫ్లైవీల్ మధ్యలోని చిన్న బేరింగు ఒకే గీతలో లేవు. ఇరవై రోజులకు ఘాట్ ఎక్కుతుండగా క్లచ్ ప్లేటు మధ్యభాగం తెగిపోయింది. డ్రైవరు చక్రాల కింద రాళ్లు వేసి బండిని ఆపాడు. అప్పటినుంచి డయల్ గేజీ (వెంట్రుకవాసి తేడా చూపే ముల్లు కొలత) పెట్టకుండా హౌసింగ్ బిగించలేదు.

చాసీకి కొత్త మౌంటింగు రంధ్రాలు వేయాల్సి వస్తే నిలువు గోడలోనే వేయి. పైన, కింద ఉన్న అంచుల్లో ఒక్క రంధ్రం కూడా వద్దు, చీలిక అక్కడే మొదలవుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కచ్చితంగా మారుతుంది. ఇంజిన్ కూర్చున్నాక, కమాన్ల (స్ప్రింగు పట్టీల) మీద బరువు పడ్డాక కొలిచి అప్పుడు లేత్‌కు పంపు. వెల్డింగ్ అయ్యాక బ్యాలెన్స్ చేయించు.

మీ బండి వెనక ఇరుసు హౌసింగ్ బాగుంటే అదే ఉంచు. చక్రం ఒక చుట్టుకు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందనే నిష్పత్తి తెలియాలంటే ఒక చక్రం నేలమీద ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పు. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే లెక్క. రెండు బండ్లకూ చూసి రాయి.

పగిలిన బ్లాకును పారేయకు. సిలిండర్లకు గ్రీజు పూసి తార్పాలిన్ చుట్టి పెట్టు. ఆ పగులును లోహపు పిన్నులతో కుట్టేవాళ్లు దొరకవచ్చు.

ఇంకొకటి. చక్రాలు రింగు రకమైతే (టైరును విడి ఇనప రింగు పట్టి ఉంచేవి) పూర్తిగా గాలి తీశాకే రింగు ముట్టుకో. గాలి ఎక్కించేటప్పుడు ఇనప బోను లోపల పెట్టాలి. తుప్పు పట్టిన రింగు ఎగిరితే మనిషి మిగలడు.

లారీ కాగితాలు చూసే నెల్లూరు మనిషి:

ఇంజిన్ మార్చే ముందే ఆర్‌టీఓ అనుమతి తీసుకోండి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మారాలి కాబట్టి 1210 ఓనరు దగ్గర అమ్మకం కాగితం, ఆర్‌సీ రెండూ అడగండి. ఆ బండి రిజిస్ట్రేషన్ ఆయనే సెక్షన్ 55 కింద రద్దు చేయించాలి. అది కాకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల బండ్లకే. లారీకి వర్తిస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

నందిగామ మనవడు:

పెద్దాయన గారూ, మీ మాట చదివి నిన్న రాత్రి నిద్ర పట్టింది. పొద్దున్నే చాసీ కడిగి, తాపీ మేస్త్రి దగ్గర గుండుదారం తెచ్చి మూలలు నేలమీద గుర్తుపెట్టి కొలిచాను. రెండు ఐమూలల మధ్య 12 మి.మీ. తేడా వచ్చింది. చాసీ వంగినట్టేనా?

ఆటోనగర్ పెద్దాయన:

కంగారు పడకు. ముందు నాలుగు చక్రాల దగ్గరా చాసీ సమానంగా ఆనిందో లేదో చూసి ఇంకోసారి కొలువు. తేడా అంతే ఉంటే గేర్‌బాక్స్ వెనక ఉన్న అడ్డదూలం రివెట్లు చూడు. తల చుట్టూ ఎర్రటి పొడి రాలుతుంటే ఆ రివెట్టు వదులైనట్టే. ఒక వేలు రివెట్టు తల అంచున ఆనించి, అవతలి వైపు సుత్తితో తట్టు, కదలిక వేలికి తెలుస్తుంది. వదులైనవి తీసి, చాసీని సరిచేసి, రంధ్రాన్ని రీమర్‌తో శుభ్రంగా, కచ్చితమైన కొలతకు చెక్కి అచ్చంగా సరిపోయే హైటెన్సైల్ బోల్టులు వేయవచ్చు. వెల్డింగ్ మాత్రం పెట్టనివ్వకు. తీసే ముందు ఫోటోలు ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.